పాపను దత్తత తెచ్చుకోవడానికి చైనా వెళ్ళాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది ఇది: మీ ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది. పెళ్ళయి పదమూడేళ్ళు. ఆయనకు 44, మీకు 42. మీ ఆఫీసులో ఒకావిడ 2007లో చైనా వెళ్ళి పాపను తెచ్చుకున్నారు, ఆ పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మీరూ అలాగే వెళ్ళాలనుకుంటున్నారు. ఎన్ని రోజులు ఉండాలి, ఎంత ఖర్చవుతుంది, పాప కోసం ఏమేం సర్దుకోవాలి అని అడిగారు. ‘బంధువుల కోటా’లో పాపను ఇప్పిస్తానంటున్న ఒక ఏజెంటును నమ్మవచ్చా అని చివర్లో అడిగారు.

ముందు అసలు సమాధానం. ఆ దారి ఇప్పుడు లేదు. 2024 ఆగస్టు 28 నుంచి చైనా తన పిల్లలను విదేశీయులకు దత్తత ఇవ్వడం ఆపేసింది. సెప్టెంబరు 5న విదేశాంగ శాఖ ప్రతినిధి మావో నింగ్ విలేకరుల సమావేశంలో ఈ సంగతి ప్రకటించారు. మినహాయింపు రెండు రకాల వారికే ఉంది: మూడు తరాల లోపు రక్త సంబంధం ఉన్న పిల్లలను తెచ్చుకునేవారు, భార్య లేదా భర్త మొదటి పెళ్ళి పిల్లలను దత్తత తీసుకునేవారు. మీరు ఈ రెండింటిలోనూ లేరు. ఆ ఏజెంటుకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. కారణం కింద చెబుతాను.

ఈ మాట మీకు కష్టం కలిగిస్తుందని తెలుసు. పదమూడేళ్ళు ఎదురుచూసి, ఒక పాప ముఖాన్ని ఊహించుకుంటూ ఈ ప్రశ్న రాసి ఉంటారు. అయినా మెత్తగా దాటవేస్తే మీకు ఇంకో ఏడాది వృథా అవుతుంది.

నేను 2003 నుంచి అమెరికాలో దత్తత కుటుంబాలతో పనిచేస్తున్న సోషల్ వర్కర్‌ని. దత్తతకు ముందు ఇంటికి వచ్చి మీ సంసారం, సంపాదన, ఆరోగ్యం, మనసు అన్నీ అడిగి నివేదిక రాసే పని నాది. దాన్ని హోమ్ స్టడీ అంటారు. పిల్లలు ఇంటికి వచ్చాక వారి యోగక్షేమాల నివేదికలు కూడా నేనే రాసేదాన్ని. కుటుంబాల వెంట నాలుగుసార్లు చైనా వెళ్ళాను. అందులో రెండు తెలుగు కుటుంబాలు.

చైనా ఎందుకు ఆపేసింది?

అంతర్జాతీయ ఒప్పందాల స్ఫూర్తికి అనుగుణంగా ఈ నిర్ణయం తీసుకున్నామని మాత్రమే చైనా ప్రభుత్వం చెప్పింది. అయితే పనిలో ఉన్న మాకు ఈ తలుపు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా మూసుకోవడం కనిపిస్తూనే ఉంది.

1992లో చైనా దత్తత చట్టం అమల్లోకి వచ్చాక విదేశీ దత్తత ఊపందుకుంది. అప్పట్లో అక్కడ ‘ఒకే సంతానం’ విధానం గట్టిగా నడుస్తోంది. పల్లెల్లో కొడుకు కావాలనే పట్టు ఎంత ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లను వదిలేయడం నేరం కాబట్టి, చీకటితో లేచి, సంత గేటు దగ్గరో, పోలీసు స్టేషను మెట్ల మీదో, అనాథాశ్రమం వాకిట్లోనో పడుకోబెట్టి వెళ్ళేవారు. కొందరు పుట్టిన తేదీ, వేళ రాసిన చిన్న కాగితం పొత్తిగుడ్డల్లో దోపేవారు. అలా అనాథాశ్రమాలకు చేరినవారిలో ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లలే ఎక్కువ. 2005 ఒక్క ఏడాదిలోనే దాదాపు 7,900 మంది పిల్లలు చైనా నుంచి అమెరికాకు వచ్చారు. 1992 నుంచి మొత్తం లెక్క చూస్తే అన్ని దేశాలకూ కలిపి 1,60,000 మందికి పైగా వెళ్ళారు, అందులో సగానికి పైగా అమెరికాకే.

ఆ తరువాత అంతా మారింది. దరఖాస్తులు వెల్లువెత్తాయి, దత్తతకు వచ్చే పసిపిల్లలు తగ్గారు. 2007 మే 1 నుంచి చైనా నిబంధనలు బిగించింది: తల్లిదండ్రుల వయసు, ఆస్తి, ఆరోగ్యం, శరీర బరువుతో సహా. ఒంటరి మహిళలను పక్కన పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పసిపాప కోసం అంతకుముందు ఏడాదో ఏడాదిన్నరో ఆగితే సరిపోయేది. అది ఐదారేళ్ళు దాటింది. నా దగ్గర పేరు నమోదు చేయించుకున్న ఒక ఆవిడ ఉయ్యాల కొని, విప్పి, మళ్ళీ బిగించి, చివరకు చెల్లెలి కూతురికి ఇచ్చేశారు. 2010 తరువాత వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది గ్రహణమొర్రి, గుండె జబ్బు, హెపటైటిస్-బి వంటి సమస్యలున్నవారే. మగపిల్లల సంఖ్య కూడా బాగా పెరిగింది. 2016 జనవరి నుంచి ఇద్దరు పిల్లలకు, 2021లో ముగ్గురికి అనుమతి వచ్చింది. అయినా పుట్టేవారే తగ్గిపోయారు: 2016లో కోటీ 78 లక్షల మంది పుట్టిన దేశంలో 2023లో 90 లక్షల మందే పుట్టారు. పిల్లలు కరువవుతున్న దేశం తన పిల్లలను బయటకు పంపదు.

2020లో కోవిడ్ కారణంగా అన్నీ ఆగిపోయాయి. అప్పటికే ఫలానా పాప మీ పాప అని కాగితం అందుకున్న కుటుంబాలు అమెరికాలో కొన్ని వందలు ఉన్నాయి. గోడకు ఫొటో తగిలించుకుని నాలుగేళ్ళు చూశారు. 2024లో వారికీ కాదనే జవాబు వచ్చింది. ఆ పిల్లల్లో కొందరు తమకు అమ్మానాన్నలు వస్తున్నారని చెప్పుకుంటూ పెరిగినవారు. ఈ నిర్ణయంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదొక్కటే. మిగతాదాన్ని నేను తప్పుపట్టను.

ఏజెంటు సంగతి

మీకు ఆ మనిషి చెప్పిన లెక్క నాకు అర్థమైంది. చైనాలో ఎవరో ఒక కుటుంబాన్ని చూపించి, మీకు దూరపు బంధుత్వం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తాడు. మూడు తరాల లోపు రక్త సంబంధం అంటే మీ సొంత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు, లేదా పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామల పిల్లలకు పుట్టినవారు. చైనా మూలాలున్న వ్యక్తిని పెళ్ళి చేసుకున్న తెలుగువారికి ఇది నిజంగా పనికి రావచ్చు. మీ ఇద్దరికీ చైనాలో ఏ రక్త సంబంధమూ లేదు కదా.

ఇక ఆ పాప ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. 2005లో హునాన్ ప్రావిన్సులోని హెంగ్‌యాంగ్ ప్రాంతంలో పసిపిల్లలను అనాథాశ్రమాలకు అమ్ముతున్న ముఠా పట్టుబడింది, మరుసటి ఏడాది కోర్టు శిక్షలు వేసింది. అదే ప్రావిన్సులోని షావోయాంగ్ ప్రాంతంలో కుటుంబ నియంత్రణ అధికారులే జరిమానా కట్టలేని పేదల ఇళ్ళ నుంచి పిల్లలను లాక్కుని అనాథాశ్రమాలకు చేర్చిన సంగతి 2011లో చైనా పత్రికే బయటపెట్టింది. ఇది చైనాకు మాత్రమే అంటిన మచ్చ కాదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో ఏం జరిగిందో మన పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. నల్గొండ వైపు తండాల్లోని లంబాడా తల్లుల నుంచి కొన్న ఆడశిశువులు విదేశీ దత్తత సంస్థల ఊయలల్లో తేలారు. విదేశీ డబ్బు, పేద తల్లి, మధ్యలో ఒక దళారీ. ఈ ముగ్గురూ ఉన్న ప్రతిచోటా అదే కథ.

దళారీ ఉన్న దత్తత ఏ దేశంలోనైనా వద్దు. రేపు ఆ పాపకు ఇరవై ఏళ్ళు వస్తాయి. తన కాగితాలు తానే చదువుకుంటుంది. పైగా వీసా దగ్గర అమెరికా అధికారులు బంధుత్వానికి ఆధారాలు అడుగుతారు. అక్కడ దొరికిపోతే పాప అటూ ఇటూ కాకుండా పోతుంది.

2007లో మీ సహోద్యోగి ప్రయాణం ఎలా సాగి ఉంటుంది?

దారి మూసుకుపోయినా, ఈ ప్రయాణం ఎలా ఉండేదో మీకు తెలియాలి. మీరు రేపు ఏ దేశం వెళ్ళినా, చివరకు హైదరాబాద్‌లోని ప్రభుత్వ అనాథాశ్రమం శిశు విహార్‌కే వెళ్ళినా, జరిగేది చాలావరకు ఇదే.

మొత్తం రెండు వారాలు. చాలామంది బీజింగ్‌లోనో హాంకాంగ్‌లోనో దిగి, అక్కడి నుంచి పాప ఉన్న ప్రావిన్సు రాజధానికి వెళ్ళేవారు: హునాన్ అయితే ఛాంగ్‌షా, జియాంగ్సీ అయితే నాన్‌ఛాంగ్, గ్వాంగ్సీ అయితే నాన్నింగ్. పౌర వ్యవహారాల కార్యాలయంలో పాపను చేతికిచ్చేవారు. ఆ రాత్రి తాత్కాలిక సంరక్షణ. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఈ బిడ్డ మాకు సమ్మతమే అని సంతకాలు పెట్టి వేలిముద్రలు వేస్తే దత్తత నమోదయ్యేది. తరువాత నోటరీ, పాపకు చైనా పాస్‌పోర్టు. దాని కోసం దాదాపు వారం ఆగాలి. ఆపైన అందరూ గ్వాంగ్‌జౌ చేరాల్సిందే, ఎందుకంటే దత్తత పిల్లలకు అమెరికా వీసా ఇచ్చేది అక్కడి కాన్సులేట్ ఒక్కటే. వైద్య పరీక్ష, ప్రమాణం, వీసా. దానితోపాటు సీలు వేసిన ఒక కవరు ఇచ్చేవారు. అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ అధికారి మాత్రమే దాన్ని తెరవాలి. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, దత్తత అక్కడే పూర్తయి వచ్చిన బిడ్డ అమెరికా గడ్డ మీద అడుగుపెట్టగానే పౌరురాలవుతుంది.

గ్వాంగ్‌జౌలో షామియాన్ అనే చిన్న దీవి ఉంది. పెద్ద పెద్ద మర్రిచెట్లు, పాతకాలపు యూరప్ తరహా భవనాలు, పక్కన ముత్యాల నది. అక్కడి వైట్ స్వాన్ హోటల్లో దిగిన దత్తత కుటుంబాలు అదే ఊళ్ళో మళ్ళీ మళ్ళీ కలుసుకునేవి. ఎర్ర సోఫా మీద పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఒక ఆనవాయితీ. మీ సహోద్యోగి ఇంట్లోనూ ఆ ఫొటో ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

ఖర్చు విషయానికొస్తే, అనాథాశ్రమానికి మొదట్లో 3,000 డాలర్లు, తరువాతి కాలంలో 35,000 యువాన్లు విరాళంగా ఇచ్చేవారు. మడత కూడా పడని కొత్త నోట్లే కావాలనేవారు. నడుముకు కట్టుకున్న సంచీలో ఆ నోట్లు మోసుకుంటూ రెండు విమానాలు మారిన తండ్రులను చూశాను. సంస్థ ఫీజులు, అనువాదాలు, ప్రయాణాలు కలిపితే ఎవరికీ ఇరవై వేల డాలర్లకు తగ్గలేదు.

అప్పగింతలు

పాపను చేతికిచ్చే రోజుకు అమెరికాలో వేరే సరదా పేర్లున్నాయి. నాకు మొదటి నుంచీ మన మాటే గుర్తొచ్చేది: అప్పగింతలు. మన పెళ్ళిళ్ళలో ఆ వేళకు ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. పెళ్ళికూతురికి తాను ఎక్కడికి వెళ్తోందో తెలుసు, ఎవరితో వెళ్తోందో తెలుసు, ఫోను చేస్తే అమ్మ పలుకుతుందనీ తెలుసు. అయినా కన్నీళ్ళు ఆగవు. పదమూడు నెలల పిల్లకు ఇవేవీ తెలియవు. వాసన మారిపోయింది, మాట మారిపోయింది, తన పక్కనే పడుకునే ఇంకో పిల్ల కనిపించడం లేదు. తనను ఎత్తుకున్నవాళ్ళు నవ్వుతూ ఫొటోలు తీసుకుంటున్నారు.

ఛాంగ్‌షాలో ఒక తెలుగు దంపతులకు అప్పగించిన పాప గుర్తుంది. జనవరి చలి. ఒకదానిమీద ఒకటి నాలుగు పొరల బట్టలు వేసి తెచ్చారు, చేతులు మోచేతి దగ్గర వంగనంతగా. కుడి పిడికిట్లో ఒక బిస్కట్ ముక్క. కారులో ఎవరో ఇచ్చి ఉంటారు. పాప ఏడవలేదు. హోటల్ గదికి వచ్చాక కూడా ఏడవలేదు, పిడికిలి విప్పలేదు. ఆ బిస్కట్ చెమటకు మెత్తబడి, వేళ్ళ మధ్య ముద్దగా అంటుకుపోయింది. తల్లి స్నానం చేయించబోతే ఆ చేయి మాత్రం నీళ్ళకు అందకుండా పైకి పెట్టుకుంది. రెండు రోజులు అంతే. “ఎంత బుద్ధిమంతురాలండీ, అసలు పేచీయే లేదు” అని ఆ తల్లి మురిసిపోయింది. నాకు మాత్రం గుబులుగా ఉంది. ఆ మౌనం బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. మూడో రాత్రి ఒంటిగంటకు పాప గుండెలు పగిలేలా ఏడ్చింది. తల్లి కంగారుపడి నా గది తలుపు కొట్టింది. “ఇప్పుడు మీ దగ్గర ఏడవొచ్చని దానికి తెలిసింది. దించకండి, తిప్పుతూ ఉండండి” అన్నాను. తెల్లవారేసరికి పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. పిడికిలి విడింది.

ఇంకో కుటుంబంతో 2011లో ఝెంగ్‌జౌ వెళ్ళాను. నాలుగేళ్ళ బాబు, గుండెకు శస్త్రచికిత్స జరిగింది, పల్లెలో ఒక ముసలామె దగ్గర పెరిగాడు. హోటల్‌కు వచ్చిన దగ్గర నుంచి “నైనై, నైనై” అంటూ తలుపు వైపు పరుగెత్తేవాడు. ఆ తండ్రి గోదావరి జిల్లా వారు, వాళ్ళ ఇంట్లో తండ్రిని నాయనా అనే పిలుస్తారు. తననే పిలుస్తున్నాడనుకుని, కళ్ళ నీళ్ళతో “వచ్చానురా నాన్నా” అంటూ ప్రతిసారీ దగ్గరకు వెళ్ళేవారు. బాబు తోసేసేవాడు. సాయంత్రం దుభాషి వచ్చి చెప్పింది: చైనా భాషలో నైనై అంటే నాయనమ్మ. పెంచిన ముసలామె కోసం ఏడుస్తున్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమెకు ఫోను కలిపించమని దుభాషిని బతిమాలారు. కలిసింది. ముసలామె గొంతు వినగానే బాబు ఇంకా ఏడ్చాడు. కానీ ఆ రాత్రి తిన్నాడు. ఏడిపించే ఫోను ఎందుకు అని కొందరు సంస్థల వాళ్ళు అభ్యంతరం చెబుతారు. నా మట్టుకు నేను ఆ తండ్రి చేసినదే సరైనదంటాను.

ఈ రెండు గదుల్లో నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. పాప మీలో ఒకరినే పట్టుకుని రెండోవారిని దగ్గరకు రానివ్వకపోవచ్చు. తోసివేసినవారు దాన్ని మనసులో పెట్టుకోకూడదు, వారాల్లో సర్దుకుంటుంది. మొదటి నెలలో అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరి చేతుల మీదుగానే జరగాలి. చుట్టాలు ప్రేమకొద్దీ చేతులు మార్చి ఎత్తుకుంటారు, గట్టిగా వద్దనండి. బారసాల, విందు ఆరు నెలలు ఆగితే కొంప మునగదు. తిండి విషయంలో మన ఇళ్ళకు ఒక వీలు ఉంది: ఆ పిల్లలు పొద్దున్నే తాగేది పలచటి బియ్యం గంజి. అమెరికా తల్లులు డబ్బాల్లో తెచ్చిన తిండి పెట్టి తంటాలు పడుతుంటే, ఛాంగ్‌షా పాప తల్లి చిన్న కుక్కర్లో మెత్తగా అన్నం ఉడికించి, నీళ్ళలా చేసి, చిటికెడు ఉప్పు వేసి పట్టింది. పాప గిన్నె వదల్లేదు.

పోలికలు లేని బిడ్డ

మీరు అడగలేదు గానీ చెప్పాలి. చైనా మూలాలున్న పాప తెలుగు ఇంట్లో పెరిగితే గుడిలో, పెళ్ళిలో, సంక్రాంతి సంబరాల్లో ప్రతిచోటా ఆమె వైపు ఒక చూపు ఉంటుంది. “ఎవరి పాప?” అనే ప్రశ్న ఆమె ఎదుటే అడుగుతారు. నేను నివేదికలు రాసిన ఒక అమ్మాయి పదిహేనేళ్ళప్పుడు నాతో అంది: “చైనీస్ క్లాసుకు వెళ్తే అందరూ మా అమ్మానాన్నలను చూస్తారు. తెలుగు క్లాసుకు వెళ్తే అందరూ నన్ను చూస్తారు.” ఆ అమ్మాయి తెలుగు మనందరికన్నా చక్కగా మాట్లాడుతుంది. ఆ చూపుకు మాత్రం అలవాటు పడలేదు. ఏ దేశపు పాపకైనా సరే, ఆ చూపును ఆపే ధైర్యం మీకుండాలి. నా హోమ్ స్టడీలో జీతం కన్నా ముందు నేను చూసేది ఇదే.

మరి మీరు ఇప్పుడు ఏం చేయవచ్చు?

వేరే దేశాల పేర్లు వెతికే ముందు ఒక మాట. రష్యా 2013లో అమెరికన్లకు తలుపు మూసింది, ఇథియోపియా 2018లో. నెదర్లాండ్స్ తన పౌరులు విదేశాల నుంచి దత్తత తెచ్చుకోవడానికి కొత్త దరఖాస్తులను 2024లో నిలిపివేసింది. 2004లో అమెరికాకు అన్ని దేశాల నుంచీ దాదాపు 23,000 మంది పిల్లలు వస్తే, 2023లో వచ్చింది 1,275 మంది. ఈ లెక్క ఇంకా తగ్గేదే.

మీకు మిగిలిన వాటిలో నాకు సహజంగా కనిపించేది భారతదేశమే. విదేశీ పౌరసత్వం ఉన్నా, మీకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవారికి ఇచ్చే కార్డు) ఉంటే ఇతర విదేశీయుల కన్నా ముందు వరుసలో ఉంటారు. ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే ‘కారా’, గుర్తించిన అమెరికా సంస్థ ద్వారానే నమోదు చేసుకోవాలి. నేరుగా ఏ ఆశ్రమానికీ, ఏ ఆసుపత్రికీ వెళ్ళకూడదు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు.

ఇక్కడ మీ వయసులు జాగ్రత్తగా చూడండి. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు. మీది 86. అంటే ఒళ్ళో పడుకునే పసిపాప మీకు దొరకదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు పరిమితి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. నమోదు చేసుకున్న రోజు వయసే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆలస్యం చేయకండి. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల కోసం మన దేశంలో ఉన్నవారే మూడేళ్ళకు పైగా ఎదురుచూస్తున్నారు. అక్కాతమ్ముళ్ళ జంటలు, ఐదారేళ్ళు దాటినవారు, వైద్యం అవసరమైనవారు మాత్రం కుటుంబాల కోసం ఎదురుచూస్తున్నారు. పసిపాపే కావాలన్న పట్టు కొంచెం సడలించగలరేమో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నాలుగేళ్ళ బిడ్డ మీ నాన్నగారి తెలుగును, మీ అత్తగారి పాటలను పట్టుకునే వయసులోనే ఉంటుంది.

చాలామంది తెలుగువారు అడిగే ఇంకో ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాను. “మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు, ఒకరిని మేం దత్తత తీసుకుని అమెరికా తెచ్చుకోవచ్చా?” ఇంట్లో హోమం చేసి, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుని, తరువాత వీసా కోసం వెళ్ళి నిరాశపడినవారిని ఎందరినో చూశాను. దేశాల మధ్య దత్తతలకు వర్తించే హేగ్ ఒప్పందం కింద, కన్న తల్లిదండ్రులిద్దరూ బతికి ఉంటే, ఆ బిడ్డను పోషించగల స్థితిలో వారు లేరని రుజువు కావాలి. మీ చెల్లెలు, మరిది ఉద్యోగాలు చేసుకుంటూ బాగానే ఉంటే అమెరికా వీసా రాదు. టూరిస్టు వీసా మీద తెచ్చేసి ఇక్కడే ఉంచే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. ఈ హేగ్ దారిలో దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్ కార్డు, హెచ్-1బీ మీద ఉన్న మిత్రులు వీసా సంగతి వకీలును అడగకుండా దత్తత మొదలుపెట్టకండి.

అమెరికాలోనే ఫోస్టర్ సంరక్షణలో, అంటే ప్రభుత్వం తాత్కాలికంగా వేరే కుటుంబాల దగ్గర ఉంచిన పిల్లలు కూడా ఉన్నారు. దానికి ఖర్చు దాదాపు ఉండదు. పిల్లలు సాధారణంగా పెద్దవారై ఉంటారు. మీ రాష్ట్రం ఏదో చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తాను.

ఏమేం సర్దుకోవాలి?

మీ ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు ఉంది. కొత్త బట్టలు రెండు సైజుల్లో రెండేసి జతలు చాలు. కాగితం మీద రాసిన కొలతలు ఎప్పుడూ తప్పే. పాలసీసాకు పెద్ద రంధ్రమున్న పీకలు తీసుకెళ్ళండి. ఆశ్రమాల్లో తొందరగా తాగించడానికి రంధ్రాలు పెద్దవి చేస్తారు, సన్న ధారకు పిల్లలు విసుక్కుంటారు. ఎత్తుకుని కట్టుకునే గుడ్డ సంచి తప్పకుండా ఉండాలి. జ్వరం మందు, గజ్జి మందు మీ పిల్లల డాక్టరును అడిగి పెట్టుకోండి. ఒక నోటుపుస్తకం. పెంచిన ఆయాతో మాట్లాడే అవకాశం దొరికేది పావుగంటే కాబట్టి ప్రశ్నలు ముందే రాసుకోండి: ఏ వైపు తిరిగి పడుకుంటుంది, ఏ మాటకు నవ్వుతుంది, ఏ పేరుతో పిలిచేవారు, పక్క మంచం మీద ఎవరు పడుకునేవారు. ఆశ్రమం గేటు, పాప దొరికిన చోటు, ఆ వీధి, ఆయా చేతులు అన్నీ ఫొటోలు తీయండి. ప్రతి కాగితం, కవరుతో సహా, దాచండి. 1990ల్లో, 2000ల్లో వచ్చిన పిల్లలు ఇప్పుడు పెద్దవారై డీఎన్‌ఏ పరీక్షలతో కన్నవారిని వెతుక్కుంటున్నారు. వారి చేతిలో ఆధారంగా మిగిలింది అప్పుడు తల్లిదండ్రులు దాచిన ఆ కాగితాలే.

ఒక ప్లాస్టిక్ సంచి కూడా పెట్టుకోండి, గాలి చొరబడకుండా మూసుకునేది. పాప ఒంటి మీదున్న బట్టలను ఉతక్కుండా అందులో దాచడానికి. ఝెంగ్‌జౌ బాబు వేసుకొచ్చిన చొక్కాకు కాలరు దగ్గర గుండీ లేదు. అక్కడ ముసలామె ఎర్ర దారంతో ఒక ముడి కుట్టింది. ఆ చొక్కా ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో బీరువా పై అరలో ఉంది. ఆ అబ్బాయికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. కిందటి వేసవిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ సంచి తనే దించి నాకు చూపించాడు. తెరవలేదు, పైనుంచే ఆ ముడిని వేలితో తడిమి, మళ్ళీ పైన పెట్టేశాడు.